అంచున ఏడు చుక్కలు

ఆవిణ్ణి అందరూ చుక్కలమ్మ అనేవాళ్ళు. పేరు ముద్దుగా ఉంది కదా అని మురిసిపోకండి, అది తిట్లలోంచి పుట్టిన పేరు. బొమ్మల సినిమాలు తీసే కంపెనీలో రంగులు వేసే పనికి చేరేనాటికి ఆవిడకి ఇరవై రెండేళ్ళు. బ్రష్షు రంగులో ముంచిన ప్రతిసారీ, బొమ్మను ముట్టుకోబోయే ముందు, కాగితం కింది అంచున ఒక చుక్క పెట్టేది. అది ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చునేది. ఆరాక రంగు ఎటు తిరిగిందో చూసుకుని, అప్పుడు గానీ బొమ్మ జోలికి వెళ్ళేది కాదు. తక్కినవాళ్ళు ఈ పరీక్షలకి పక్కన చిత్తుకాగితం పెట్టుకునేవాళ్ళు. "ఏ కాగితం తాగుడు దానిది. దాన్ని అడిగి దీనికి వేస్తే ఎలా?" అని ఈవిడ వాదన.

ఒక్కో బొమ్మకి ఏడు రంగులకి మించి వాడకూడదని అక్కడ రూలు. అందుకని ఈవిడ వేసిన ప్రతి కాగితం కిందా ఏడు చుక్కలుండేవి. పైగా ఆవిడది ఎడమచేతి వాటం. చుక్కలు కుడి నుంచి ఎడమకి నడిచేవి, లేత రంగు ముందు, ముదురు రంగు చివర. ఆ గదికి పెద్దగా ఉన్నాయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ఆయన కాగితం చేతికి తీసుకోగానే ముందు చూసేది అంచే. "చుక్కలమ్మా! మళ్ళీ పెట్టావా? కాగితం అంటే ఉతికిన దుప్పటిలా ఉండొద్దూ?" అని కసిరేవాడు. ఆయన కసిరేవాడు, ఈవిడ తలూపేది, మర్నాడు మళ్ళీ చుక్కలు పెట్టేది. అలా ఆ పేరు స్థిరపడిపోయింది.

ఆ గదిలో పెద్దాయన కాక నలుగురు. వాళ్ళ పని సినిమా మొదలవక ముందే మొదలయ్యేది. కథ ఇంకా నోటి మాటగా ఉండగానే, ఆ కథలో వాన ఎంత నల్లగా కురవాలి, వీధి దీపం ఎంత పచ్చగా వెలగాలి, కథలోని జంతువు నిలబడితే ఎలా ఉంటుంది, బెదిరితే ఎలా ఉంటుంది అన్నది రంగుల్లో వేసి చూపించాలి. వీటిని వాళ్ళు తొలి బొమ్మలు అనేవాళ్ళు. ఇప్పుడు కాన్సెప్ట్ ఆర్ట్ అంటున్నారు, అద్దాల బీరువాల్లో పెట్టి తాళాలు వేసుకుంటున్నారు. అప్పట్లో మాత్రం సినిమా పూర్తయ్యాక వాటిని కట్టలు కట్టి మెట్ల కింద పడేసేవాళ్ళు. చీపుర్ల పక్కన.

ఇక్కడ ఒక సంగతి చెప్పి తీరాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు తలకెక్కదు. ఎవరు వేసిన బొమ్మైనా పెద్దాయన బల్ల మీదికి వెళ్ళాలి. ఆయన దాన్ని చేయి చాపినంత దూరంలో పట్టుకుని, ఒక బుగ్గ పూరించి, కాసేపు చూసి, నచ్చితే పై మూల పెన్సిలుతో సంతకం గీకేవాడు. ఆ సంతకానికి అర్థం, బాగుంది, ముందుకి పోనివ్వండి అని. అంతే. హెడ్మాస్టరు మార్కుల కార్డు మీద సంతకం పెడితే ఆ పరీక్ష హెడ్మాస్టరు రాసినట్టా? ఆ గదిలో ఉన్న ఐదుగురికీ ఈ సంగతి తెలుసు. బయట ఒక్కరికీ తెలియదు. తెలియాల్సిన అవసరం వస్తుందని వాళ్ళెవరూ అనుకోలేదు.

ఇక కప్ప సంగతి. వానంటే భయపడే కప్ప కథ ఒకటి తీద్దామని కంపెనీవాళ్ళు అనుకున్నారు. కథ బాగానే ఉంది గానీ కప్పే కుదరలేదు. ఎవరు వేసినా గెంతుతూ, నోరు బార్లా తెరిచి నవ్వుతూ వచ్చేది. ఆ మొహం చూస్తే దానికి భయమన్నది పుట్టాక తెలిసినట్టు లేదు. మూడు వారాలు గది గదంతా తల పట్టుకుంది.

చుక్కలమ్మకి అప్పుడు నాలుగేళ్ళ కూతురు. ఇంట్లో చూసేవాళ్ళు లేక పనికి వెంటబెట్టుకుని వచ్చేది. పిల్ల బల్ల కింద కూర్చుని ఖాళీ రంగు సీసాలతో ఆడుకునేది. ఆ పిల్లకి వానంటే ప్రాణభయం. ఉరిమితే తల్లి కాళ్ళకి చుట్టుకుపోయేది. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ అన్నం తిని చెయ్యి కడుక్కుందామని పక్క గుమ్మంలోకి వెళ్ళేసరికి పిల్ల అక్కడ చూరు కింద గోడకి అతుక్కుని నిలబడి ఉంది. వాన అప్పుడే మొదలైంది. పిల్ల మొహం అటు తిప్పేసుకుంది, ఒక కన్ను మూసింది, కుడి భుజం చెవిదాకా ఎగేసింది. ఎడమ చెయ్యి ఒక్కటే బయటికి చాపింది, వేళ్ళు సగం ముడిచి. ఒక చినుకు వచ్చి అరచేతిలో పడింది. పిల్ల గుటక వేసింది.

చుక్కలమ్మ చెయ్యి కడుక్కోకుండానే వెనక్కి వచ్చింది. సాయంత్రానికి ఆ కప్ప కాగితం మీద నిలబడి ఉంది, చూరు కింద, అదే భుజంతో, అదే చేత్తో, పసుపుపచ్చ చొక్కాతో. పెద్దాయన దాన్ని చేయి చాపి పట్టుకుని బుగ్గ పూరించాడు. పూరించిన బుగ్గ ఎంతకీ దించలేదు. చివరికి, "ఇదే కప్ప" అని సంతకం గీకి, "ఆ చుక్కలు లేకపోతే ఇంకా బాగుండేది" అన్నాడు. ఆవిడ జీవితంలో అందుకున్న పెద్ద మెప్పు అదే. ఆ కప్పతోనే మరో ఇరవై ఒక్క బొమ్మలు వేసింది.

సినిమా విరగబడి ఆడింది. స్కూలు సంచుల మీద కప్ప, పళ్ళు తోముకునే బ్రష్షుల మీద కప్ప, దిండు గలీబుల మీద కప్ప. చుక్కలమ్మ మొగుణ్ణీ కూతుర్నీ తీసుకుని హాలుకి వెళ్ళింది. చివర్లో పేర్లు పడుతుంటే కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసింది. రంగుల గది నుంచి పెద్దాయన పేరు ఒక్కటే పడింది. "ఏదీ నీ పేరు?" అన్నాడు మొగుడు. "మా గదివాళ్ళవి వెయ్యరు" అంది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఈ కప్ప కథకి ఊ కొట్టేవాడు. నమ్మి కాదు, కంచంలో అన్నం చల్లారిపోతోందని.

కూతురు మాత్రం నమ్మింది. ఆ నమ్మకమే దాని కొంప ముంచింది. ఒకటో తరగతిలో పక్క పిల్ల కప్ప సంచి తెచ్చుకుంటే, "ఈ కప్ప నేనే. మా అమ్మ నన్ను చూసి వేసింది" అంది. పిల్లలు విరగబడి నవ్వారు. టీచరు పిలిచి అడిగితే మళ్ళీ అదే చెప్పింది. సినిమావాళ్ళు అచ్చేసిన కప్ప కథల పుస్తకం తెరిచి చూపించి, "ఇదిగో, వేసినాయన పేరు ఇక్కడుంది. అబద్ధం ఆడానని చెప్పు" అంది టీచరు. పిల్ల చెప్పలేదు. అరచేతుల మీద నాలుగు వడ్డించి వరండా మెట్ల మీద నిలబెట్టారు. ఆ రోజు వాన కూడా పడింది. సాయంత్రం తల్లి వెళ్ళేసరికి పిల్ల తడిసి ముద్దయి ఉంది. ఏడవడం కూడా మానేసింది. చుక్కలమ్మ టీచరు దగ్గరికి వెళ్ళి చెప్పబోయింది. "పిల్లకి ఇవన్నీ మీరే నూరిపోస్తున్నారన్నమాట" అంది టీచరు. ఆ తర్వాత ఆ పిల్ల కప్ప మాట ఎత్తలేదు. వానకి భయపడడం కూడా మానేసింది.

పిల్లకి పన్నెండో ఏడు వచ్చేసరికి కంపెనీ మూతపడింది. చుక్కలమ్మ పటాలు కట్టే కొట్లో పనికి కుదిరింది. ఎవరైనా ఫోటోలో, బొమ్మలో తెస్తే, వాటి అంచులు కోసి, నడుమ కిటికీలా కోసిన అట్టకి వెనక నుంచి జిగురుతో అతికి, అద్దం వేసి, చట్రం బిగించాలి. ఇరవై మూడేళ్ళు అదే పని. స్కూలు వదలగానే కూతురు అక్కడికే వచ్చి, తల్లి కోసి పడేసిన కాగితపు చీలికలు ఊడ్చి జిగురు కాచే పొయ్యిలో వేస్తుండేది. చేరిన రెండేళ్ళకి, ఒకరోజు ఒకాయన చిత్తుకాగితాల వాళ్ళ దగ్గర కొన్న కట్ట ఒకటి తెచ్చి కొట్టు బల్ల మీద పడేశాడు. "పిల్లల గదుల్లో గోడలకి పెట్టుకోవడానికి అమ్ముతాను, శుభ్రంగా కట్టి ఇవ్వండి" అన్నాడు. విప్పితే కప్ప. ఇరవై రెండు కప్పలు. చుక్కలమ్మకి తప్పిపోయిన పిల్లలు ఇంటికొచ్చినట్టయింది. వారం రోజులు ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా అన్నీ తానే కట్టింది. పంపించేటప్పుడు ఒక్కో పటాన్నీ కొంగుతో తుడిచింది. ఇంటికొచ్చి చెప్తే పద్నాలుగేళ్ళ కూతురు, "సరేలే అమ్మా" అని పుస్తకంలో తల దూర్చింది.

అవి ఎటు పోయాయో ఏమో మరి ముప్ఫై రెండేళ్ళు ఎవరికీ తెలియదు.

ఇప్పుడు చుక్కలమ్మకి డెబ్బై మూడు. ఎడమ చెయ్యి వణుకుతుంది, టీ కప్పు రెండు చేతులా పట్టుకోవాలి. కూతురికి నలభై ఆరు. పెళ్ళీ పెటాకులూ లేకుండా తల్లితోనే ఉంటుంది. రక్త పరీక్షల లాబులో పని. మంచి పిల్లే, తల్లి మందులు ఒక్క పూట తప్పనివ్వదు. కానీ ఏ మాటకీ రిపోర్టు ఉండాలంటుంది. "నీరసంగా ఉందే" అంటే "ఎంత నీరసం? నిన్నటికంటే ఎక్కువా?" అని అడిగే రకం. లాబుకి వచ్చిన చిన్నపిల్లలు సూది పొడిస్తే ఏడుస్తారని అక్కడ చేతి మీద అంటించడానికి స్టిక్కర్లు పెట్టారు. ఏం స్టిక్కర్లనుకున్నారు? కప్పే. చూరు కింద నిలబడి చెయ్యి చాపిన కప్ప. రోజుకి ఇరవై ముప్ఫై కప్పల్ని పిల్లల చేతుల మీద అంటించి ఇంటికొచ్చేది. ఇంట్లో ఆ మాట అనేది కాదు.

ఒకరోజు సాయంత్రం ఆ కూతురు పేపరు తెచ్చి తల్లి ముందు పెట్టి, "ఇదేనా?" అంది.

పేపర్లో కప్ప. పాత బొమ్మల సినిమాల తొలి బొమ్మలు వేలం వేస్తున్నారట. ఎక్కడెక్కడి వాళ్ళో పోటీపడి కొంటారట. అన్నిటికంటే గొప్పది ఈ కప్పేనట. కింద పెద్దాయన పేరు. 'ఆయన స్వహస్తాలతో వేసిన అపురూప చిత్రం' అని. వేలానికి ముందు మూడు రోజులు ఎవరైనా వచ్చి చూడొచ్చట. ఆ తర్వాత అది కొన్నవాడి తాళం వెనక్కి పోతుంది.

చుక్కలమ్మ వేలితో కప్ప భుజాన్ని తడిమింది. "కింది అంచు అట్ట వెనక దాక్కుంది. అట్ట తీయించు. ఏడు చుక్కలుంటాయి. కుడి నుంచి ఎడమకి, లేత నుంచి ముదురుకి. లోకంలో ఇంకెవరూ అలా పెట్టరే!" అంది. గొంతులో పట్టలేని ఆత్రం.

కూతురు పేపరు మడిచి లెక్క వేసుకుంది. రంగుల గదిలోవాళ్ళు ఎవరూ మిగల్లేదు, సాక్ష్యం చెప్పడానికి. కంపెనీ గేటు దగ్గర సంచులు వెతికేవాళ్ళు కాబట్టి ఇంట్లో ఒక్క చిత్తుగీత కూడా లేదు. తల్లి మాట తప్ప ఇంకేమీ లేదు. ఆ మాట నమ్మినందుకు ఒకసారి ఏం జరిగిందో అరచేతులకి గుర్తుంది.

"రేపు సగం రోజు సెలవు పెడతాను. చుక్కలుంటే అక్కడున్న అందరి ముందూ నేనే చెప్తాను, ఇది మా అమ్మ వేసిందీ, ఆ కప్ప నేనూ అని. లేకపోతే మాత్రం ఈ మాట ఇక మనింట్లో ఎత్తొద్దు. సరేనా?" అంది.

"సరే" అంది చుక్కలమ్మ. ఆవిడకి డబ్బు అక్కర్లేదు, పేపర్లో పేరూ అక్కర్లేదు. ఆ పిల్ల ఒక్కసారి, అమ్మా నువ్వు అబద్ధం చెప్పలేదు అంటే చాలు. నలభై ఏళ్ళుగా అదొక్కటే ఆవిడ గుండెలో ముల్లు.

వేలం హాల్లో గోడ నిండా పటాలు. జనం వాటి ముందు గుసగుసగా మాట్లాడుతున్నారు, గట్టిగా మాట్లాడితే కప్ప బెదిరిపోతుందేమో అన్నట్టు. దాని ముందు తాడు కట్టారు. చుక్కలమ్మ తాడు దగ్గర నిలబడి అలాగే చూస్తూ ఉండిపోయింది. ముప్ఫై రెండేళ్ళు. తనకి ముడతలు పడ్డాయి గానీ దానికి ఒక్కటి పడలేదు.

కూతురు లాబు గొంతుతో వ్యవహారం నడిపింది. అక్కడి ఉద్యోగులు ఇద్దర్ని దాటుకుని తల్లిని మూడోవాడి దగ్గరికి తీసుకెళ్ళింది. అతని పని పాత కాగితాలు పరీక్ష చేసి, అసలుదో నకలుదో చెప్పడం. అక్కడివాళ్ళు అతన్ని కాగితాల డాక్టరు అంటున్నారు. మర్యాదస్తుడు. దులిపేసి పంపించలేదు, కుర్చీ వేసి కూర్చోబెట్టి మొత్తం విన్నాడు.

"సంతకం ఆయనదే అమ్మగారూ. అందులో అనుమానం లేదు" అన్నాడు.

"సంతకం ఆయనదే బాబూ. బొమ్మ నాది."

"మీ చేతి పని ఇంకేదైనా ఉందా? పక్కన పెట్టి చూడ్డానికి?"

లేదు. అతను పెన్సిలూ కాగితం ముందుకి జరిపాడు, ఆ భుజం ఒక్కటి గీసి చూపించండి అని. చుక్కలమ్మ పెన్సిలు పట్టుకుంది. కళ్ళకి ఆ భుజం ఎంత స్పష్టంగా కనపడుతోందో! గీత మాత్రం బయల్దేరిన చోటు నుంచే గజగజలాడుతూ పోయింది. రెండో చెయ్యి అదిమిపెట్టి మళ్ళీ గీసింది. మళ్ళీ అంతే. ఆ కాగితం చూస్తే ఎవరో రైల్లో కూర్చుని గీసినట్టుంది. ఆవిడకి ఏడుపొచ్చింది, ఆపుకుంది.

"పోనీ, చేతివాటం చూసి తెలుసుకోవచ్చుగా? మా అమ్మది ఎడమ చెయ్యి" అంది కూతురు.

"ఇది తడి మీద తడి పూసిన రంగండీ. ఇందులో ఏ చెయ్యో దొరకదు."

"చుక్కలు చూడు బాబూ. అట్ట తీసి కింది అంచు చూడు, చాలు" అంది చుక్కలమ్మ.

అతను చేతులకి తొడుగులు వేసుకున్నాడు. పటం బోర్లా పెట్టి, చట్రం మేకులు ఒక్కొక్కటే ఊడదీశాడు. అద్దం తీశాడు. అట్టని ఆవిరి పట్టి మెల్లగా విడదీశాడు. గంటన్నర పట్టింది. కూతురు చేతులు కట్టుకుని నిలబడే ఉంది. చుక్కలమ్మ లోపల్లోపల రంగుల పేర్లు వరసగా చెప్పుకుంటోంది, కుడి నుంచి ఎడమకి. లేత పసుపు, నీటి బూడిద, కప్ప పొట్ట పచ్చ...

అతను కాగితాన్ని తిప్పి దీపం కింద పెట్టాడు.

కింద అంచు లేదు. కప్ప కాళ్ళ కింద నీటి మడుగు, మడుగు అయిపోగానే కాగితం అయిపోయింది.

"కోసేశారమ్మా. నాలుగు వైపులా రెండేసి వేళ్ళ మందం పోయినట్టుంది. ఎప్పుడో పటం కట్టినప్పుడే కోశారు" అన్నాడు డాక్టరు. వంగి భూతద్దంలోంచి చూసి, ఉన్నట్టుండి మెచ్చుకోలుగా తలాడించాడు. "ఎవరు కోశారో గానీ, చెయ్యంటే ఇదండీ! ఒక్క కోతలో పోయింది, ఎక్కడా తడబడలేదు. ఇంత శుభ్రమైన అంచు నేను చూళ్ళేదు."

చుక్కలమ్మకి కట్ట విప్పింది గుర్తుంది. కప్పల్ని చూసి మురిసిపోయింది గుర్తుంది. అద్దాలు తుడిచింది గుర్తుంది. కోసింది గుర్తులేదు. వండిన కూర గుర్తుంటుంది గానీ కూరగాయలు కడిగిన సంగతి ఎవరికి గుర్తుంటుంది? పటం కట్టేవాళ్ళకి అంచు కొయ్యడం అలాంటిదే, చెయ్యి తన పాటికి తాను చేసుకుపోతుంది. ఇప్పుడు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొస్తోంది. స్కేలు పెట్టింది. ఆ చుక్కలు చూసింది. చూసి సిగ్గుపడింది కూడా. గోడ మీద పెట్టుకునే బొమ్మకి ఈ మరకలేమిటి, పెద్దాయన అన్నట్టు ఉతికిన దుప్పటిలా ఉండొద్దూ అనుకుంది. ఇరవై రెండు కాగితాల మీదా, ముచ్చటపడి, ఒక్కటి కూడా వదలకుండా కోసింది. చీలికలు పొయ్యిలోకి పోయాయి. ఆ చుక్కలన్నీ జిగురు ఉడకడానికి పనికొచ్చాయి.

"నేనే కోశాను" అంది. అతనికి వినపడలేదు, మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. "నేనే కోశాను బాబూ."

డాక్టరు జాలిగా చూశాడు. బొమ్మా ఈవిడే వేసింది, కోతా ఈవిడే కోసింది, ఇంకాసేపుంటే కాగితం కూడా ఈవిడే చేసిందంటుంది అని అతని మొహంలో రాసి ఉంది. అన్లేదు గానీ రాసి ఉంది.

అప్పుడు కూతురు ముందుకొచ్చింది. భూతద్దం అడిగి తీసుకుని కాగితం మూలలు నాలుగూ చూసింది. లాబులో గాజు పలక చూసినట్టు, తొందరపడకుండా. తల ఎత్తి, "ఈ కోత మా అమ్మదే" అంది.

"మీకెలా తెలుసు?"

"మూలల్లో గాటు చూడండి. కత్తి ఎత్తేటప్పుడు మొన గోరంత లోపలికి దిగింది. అందరికీ అది కుడివైపు పడుతుంది. ఈవిడకి ఎడమవైపు పడుతుంది. దానికి కొట్టు యజమాని రోజూ తిట్టేవాడు. చీలికలు ఊడ్చింది నేనే, నాకు తెలుసు." ఆ గాటు పడిన ఫోటో ఒకటి ఫోన్లో చూపించింది. తన స్కూలు ఫోటో, ఆ కొట్లో కట్టిందే, ఈమధ్య పటం ఊడిపోతే పాడవకముందే మూలలతో సహా ఫోన్లోకి తీసి పెట్టుకుంది. డాక్టరు రెండూ పోల్చి చూసుకున్నాడు. అతని మొహం వెలిగిపోయింది.

"అమ్మగారూ, మీరు మాకు చాలా సాయం చేశారు! కంపెనీ మూసేశాక ఈ బొమ్మ ఎక్కడికి పోయిందో మాకు తెలియలేదు. మధ్యలో ఖాళీ ఉందని కొనేవాళ్ళు గునుస్తున్నారు. ఇప్పుడు ఆ ఖాళీ నిండింది. కంపెనీ కట్టలోంచి మీ కొట్టుకి, మీ కొట్టు నుంచి బయటికి. ఇంక ఇది పెద్దాయన బొమ్మ కాదని ఎవరూ అనలేరు."

అతను చకచకా ఒక కాగితం రాయించి తెచ్చాడు. పలానా సంవత్సరంలో, పలానా పటాల కొట్లో పనిచేస్తూ, పెద్దాయన వేసిన ఈ చిత్రపు అంచులు తానే కత్తిరించానని.

"పెద్దాయన వేసిన అన్న మాట తీసెయ్యండి" అంది చుక్కలమ్మ.

"అది సంతకాన్ని బట్టి రాశామండీ. దానికి మేం మారు చెప్పలేం. మీరు కోత వరకే సంతకం పెడుతున్నారు" అన్నాడు, నొచ్చుకుంటూనే.

ఆవిడ కూతురి వైపు చూసింది. కూతురు, "కోసింది నిజమే కదమ్మా" అంది మెత్తగా.

నిజమే. నిజం కాదని ఎలా అంటుంది? ఆవిడ వణికే ఎడమ చేత్తో సంతకం పెట్టింది. ఆ బొమ్మకి సంబంధించి ఆవిడ పేరు ఒక కాగితం మీదికి ఎక్కడం అదే మొదలు. పటాల కొట్టు పనిమనిషిగా ఎక్కింది.

బయటికొచ్చి బస్సు కోసం ఒక షాపు చూరు కింద నిలబడ్డారు. కూతురు తల్లి చేతి సంచి తీసుకుని తన భుజానికి వేసుకుంది. కొంగు సరిచేసింది. అంత ప్రేమగా చేసింది గానీ, చుక్కలమ్మ ఎదురుచూసేది అందుకోసం కాదు. ఆగి ఆగి, ఇక ఉండబట్టలేక అడిగింది.

"కోత నాదేనని నమ్మావు కదే?"

"నమ్మడమేంటమ్మా, చూశాను. కోత నీదే."

"మరి బొమ్మ?"

కూతురు రోడ్డు వైపు చూస్తూ, "బస్సు ఆలస్యమయ్యేట్టుంది" అంది. అందులో కోపం లేదు, వెక్కిరింపు లేదు. లేని రిపోర్టుని ఉందని చెప్పలేని మనిషి, అంతే. ఇంక ఆ మాట ఇంట్లో ఎత్తకూడదు. ఒప్పందం అది.

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. చుక్కలమ్మ తల తిప్పి చూసింది. కూతురు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మొహం అటు తిప్పుకుంది. ఒక కన్ను మూసింది. సంచి వేలాడుతున్న కుడి భుజం చెవిదాకా లేచింది. వాన ఎంత ఉందో చూద్దామని ఎడమ చెయ్యి బయటికి చాపింది, వేళ్ళు సగం ముడిచి. ఒక చినుకు అరచేతిలో పడింది. గుటక వేసింది.

అదే. నలభై రెండేళ్ళ తర్వాత, అచ్చం అదే. చుక్కలమ్మ అటూ ఇటూ చూసింది. చూపించడానికి ఎవరూ లేరు. చూడాల్సిన ఒక్క మనిషికీ తనని తాను చూసుకునే వీల్లేదు. కాగితం లేదు, రంగు లేదు, ఉన్నా ఈ చెయ్యి గియ్యదు. చెప్తే ఒప్పందం తప్పినట్టవుతుంది. ఆవిడ కళ్ళు నిండుకొచ్చాయి.

"ఏంటమ్మా అలా చూస్తున్నావు?" అంది కూతురు, చెయ్యి తడి చీరకి తుడుచుకుంటూ.

"ఏం లేదు" అంది చుక్కలమ్మ. "వాన తగ్గనీ, వెళ్దాం."